వెండి పూసలకు రాగి కాయిళ్లు

డోన్ స్టేషను వెనక బజారులో మోటారు వైండింగ్ కొట్లు రెండున్నాయి, ఎదురెదురుగా. ఒకటి కృపమణిది. రెండోది ఆమె మరిది యేసుప్రసాద్‌ది. ఇద్దరూ ఒకే చర్చికి పోతారు, ఒకే పాటల పుస్తకం పట్టుకుంటారు. కానీ తొమ్మిదేళ్లుగా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. తప్పు ఎవరిదని ఊళ్లో ఎవరినడిగినా ఇద్దరినీ తిడతారు, కృపమణిని ఇంకో నాలుగు మాటలు ఎక్కువ తిడతారు.

ఆమె మంచిదని నేను చెప్పను. నోరు చేదు. నవ్వు మొహం ఆమెకు దేవుడు ఇచ్చాడో లేదో తెలీదు, ఇచ్చి ఉంటే ఆమె వాడలేదు. కోసిగి పక్క పల్లెలో పుట్టింది. ప్రతి ఏడూ వానలు మొండికేయగానే మూటా ముల్లె కట్టుకుని కూలికి వలసపోయే ఇల్లు అది. డోన్‌లో వైండింగ్ కొట్టున్న ఏసన్నకిచ్చి చేశాక, ఇక జన్మలో మూట కట్టనని ఒట్టు పెట్టుకుంది. పెళ్లయిన పదిహేనేళ్లకు ఏసన్న గుండె ఆగి పోయాడు. మూడో రోజు ప్రార్థన అయింది. కొట్టు తనకే వస్తుందని మరిది తాళంచెవి కోసం చేయి చాచాడు. నాలుగో రోజు పొద్దున్నే ఆమె పోయి భర్త స్టూలు మీద కూర్చుంది, పదిహేనేళ్లు ఆయన పక్కన చేసి నేర్చుకున్న పనే. అంతే, పగ అక్కడ పుట్టింది. యేసుప్రసాద్ ఎదురుగా ఇంకో కొట్టు పెట్టుకుని, ఆడది చుట్టిన మోటారు ఎన్నాళ్లు ఆడుతుందో చూస్తానన్నాడు. పాపం, చూస్తూనే ఉన్నాడు.

మోటారు వైండింగంటే రాగి తీగ చుట్టడమే కదా అంటారు తెలియని వాళ్లు. చుట్టు లెక్క తప్పితే మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, చివరికి కాలుతుంది. అది కాలితే బోరు ఆగుతుంది, బోరు ఆగితే పైరు ఎండుతుంది. ఈ సీమలో రైతుకు వైండింగ్ మనిషి దగ్గర కావలసింది ఒక్కటే, లెక్క. ఏసన్న చేతిపిడి మిషనుకు చుట్లు చూపే మీటరు ఉండేది గానీ దాని పళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. కృపమణి కొత్తది కొనలేదు. ఆమెకు చర్చి పాట ఉంది. ఐదు చరణాల పాట. చరణానికి పదహారు చుట్లు, పల్లవి మళ్లీ అందుకున్నప్పుడల్లా నాలుగు. పాట ఒకసారి అయితే సరిగ్గా నూరు చుట్లు. పెదవులు మాత్రం కదులుతుంటాయి, బయటికి వినిపించదు.

అందుకే చుట్టేటప్పుడు ఎవరు పలకరించినా పలకదు. ఒకసారి పాస్టరుగారే వచ్చి గడపలో నిలబడి బాగున్నావా అమ్మా అన్నారు. ఆమె చేయి ఆపలేదు, తల ఎత్తలేదు. ఆయన నొచ్చుకుని వెళ్లిపోయారు. ఆ ఆదివారం వాక్యమంతా గర్వం గురించే సాగింది. కృపమణి ముందు వరసలో కూర్చుని విన్నది. ఆమెకేం చీమ కుట్టినట్టు కూడా లేదు.

పొగరుబోతు అన్నారు. అననీ. కానీ మోటారు కాలగానే సైకిలు వెనక కట్టుకుని ఆమె గడపకే వచ్చేవాళ్లు. "కృపమ్మ చేయి తప్పదు" అనే మాట ఒక్కటే ఆ బజార్లో ఆమెకున్న ఆస్తి. ఇంకేమీ లేదు.

2008 జనవరిలో ఆ గడపకు జ్ఞానేశ్వర్ వచ్చాడు. పాత బజార్లో ఇనుప సామాన్ల అంగడి వాళ్ల అబ్బాయి. రోజూ రైలెక్కి కర్నూలు పోయి కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు, పీహెచ్‌డీ చేస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి తల మీదుగా గోడను చూస్తాడు. ఇస్త్రీ చొక్కాకు గ్రీజు అంటుతుందని గడప బయటే నిలబడి, ఏడు కాయిళ్లు కావాలి, ఒక్కోటి రెండు వందల చుట్లు, ఏడూ అచ్చు ఒకే తీరు ఉండాలి అన్నాడు.

దేనికని ఆమె అడిగింది. ఏ మోటారుకో తెలియకుండా తీగ ముట్టదు ఆమె. నీకు చెప్పినా అర్థం కాదన్నాడు. అయితే ఎదురు కొట్టుకు పొమ్మంది. పోలేదు. ఎదురు కొట్టు సంగతి వాళ్ల నాన్న చెప్పే పంపినట్టున్నాడు. విసుక్కుంటూనే చెప్పాడు.

ఆయన పరిశోధన వెండి పూసల మీద. మెడలో వేసుకునే పూసలు కావు, తలవెంట్రుక మందంలో వెయ్యి పట్టేంత చిన్నవి. అంత చిన్న పూస మీద వెలుగు పడితే, ఆ వెలుగు ఊపుకు పూస ఒక కాయిల్ లాగా పనిచేస్తుందట. దాని చుట్టూ ఉన్న ఖాళీ కండెన్సర్ లాగా పనిచేస్తుందట. రెండు పూసలు దగ్గరకొస్తే నడుమ సందు ఇంకో కండెన్సర్. కాయిలూ కండెన్సరూ జతపడితే వాటికొక ఇష్టమైన ఊపు ఉంటుంది, అదే ఊపులో తాకితే ఉప్పొంగుతాయి. పూసల గుంపుకు ఆ ఊపే రంగు. అందుకని పూసల గుంపును కరెంటు సర్క్యూటుగా గీసి లెక్క కడితే, ఏ గుంపు ఏ రంగును పట్టుకుంటుందో ముందే చెప్పొచ్చు. నడుమ ఒకటి, చుట్టూ ఆరు, మొత్తం ఏడు పూసల గుంపుకు ఆయన లెక్క కట్టాడు. ఒకే ఊపు వచ్చింది. ఇక్కడ అంత చిన్న పూసలు చేసే యంత్రాలు ఎక్కడివి? కాబట్టి పలక మీద పూసకొక కాయిల్, సందుకొక కండెన్సర్ బిగించి, కరెంటు పెట్టి చూపిస్తే చాలని కడపలో ఉన్న ఆయన గైడు సుచరిత మేడమ్ చెప్పింది.

కృపమణికి అర్థం కానిదేముంది ఇందులో? ఉచిత కరెంటు వచ్చిన కొత్తలో మోటారుకు కండెన్సరు తప్పనిసరి అన్నప్పటి నుంచీ ఊరూరి మోటారుకూ కండెన్సర్ బిగించిన చేయి అది. ఆయన చేతిలోని కాగితం తీసుకుని చూసింది. గీసిన గీతల మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంది.

"నడిమి దానికి ఆరుమంది పొరుగోళ్లు ఉండారు, అంచు వాటికి ముగ్గురే ఉండారు. అన్నీ ఒకే పాట ఎట్ల పాడతాయి సారూ?" అంది.

జ్ఞానేశ్వర్ కాగితం లాక్కున్నాడు. ఇది బోరు మోటారు కాదని, తెలియని దాంట్లో నోరు పెట్టొద్దని, చుట్టమన్నది చుట్టమని అన్నాడు. ఏడింటినీ ఒకే తీరు అనుకుని కలిపి ఒకటిగా లెక్క కట్టేశాడు ఆ పెద్దమనిషి. అది తప్పేమో అన్న అనుమానం గ్రీజు చేతుల మనిషి నోట వచ్చేసరికి ఆయన చెవి మూసుకుపోయింది.

ఆమె మూడు రోజుల్లో ఏడు కాయిళ్లు చుట్టి ఇచ్చింది. కాయిళ్లను దగ్గర దగ్గరగా పెడితే ఒకదానిది ఒకదానికి తగులుతుంది, దూరం దూరంగా బిగించుకో అని మాత్రం చెప్పింది. ఆ ఒక్క మాట విన్నాడు.

మార్చి వచ్చింది. ఎండలు మొదలయ్యాయి, కరెంటు సరిగా లేక మోటార్లు కాలడం మొదలైంది. వైండింగ్ కొట్టుకు ఏడాది తిండి ఎండాకాలం మూడు నెలల్లోనే. కృపమణి కొట్టు ముందు పదకొండు మోటార్లు వరసలో ఉన్నాయి. సంత రోజు. బజారంతా పల్లెల జనం.

ఆ జనంలోంచి జ్ఞానేశ్వర్ పలక చంకన పెట్టుకుని వచ్చాడు. పలక మీద కరెంటు పెట్టి చూస్తే ఒక ఊపు రావలసిన చోట రెండు వచ్చాయి. ల్యాబు మిషను తెర మీద ఒంటె మూపురాల మాదిరి రెండు గుట్టలు. అయితే కాయిళ్లు సమానంగా లేవు, లేకపోతే నీ లెక్క తప్పు, ఏదో తేల్చుకుని రమ్మని మేడమ్ గట్టిగానే మందలించింది. తన లెక్క తప్పని అనుకుంటాడా? అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు నేరుగా ఇక్కడికొచ్చాడు.

ఆమె మిషను తిప్పుతోంది. పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు. అప్పుడు గొంతు పెంచాడు.

"పాటలు పాడుకుంటా చుడితే ఇట్లే ఉంటాది. ఏడు చుట్టమంటే ఏడూ ఏడు తీర్లు చుట్టినావు. ఈ రైతుల మోటార్లు గూడా ఇట్లే చుడతాండావా?"

బజారు ఆగిపోయింది. కృపమణి ఆ నూరు చుట్లూ పూర్తిచేసింది, తీగకు ముడి వేసింది, అప్పుడు లేచింది. లేచేసరికి ఆయన వెళ్లిపోయాడు. ఎదురు కొట్టులో యేసుప్రసాద్ చేతులు కట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు వాడు. అనాల్సిన పని లేదు కదా, చదువుకున్న సారే అన్నాడు.

మొదట నరసన్న తన మోటారు ఎత్తుకున్నాడు. తొమ్మిదేళ్లుగా ఆమె దగ్గరికే వచ్చిన మనిషి. మొహం చూడలేక నేల చూస్తూ, అర్జెంటు అక్కా, ఆడ తొందరగా ఇస్తానన్నాడు అని గొణిగాడు. ఆడ అంటే ఎదురుకొట్టు. సాయంత్రానికి పదకొండులో నాలుగు మిగిలాయి. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ఇన్నాళ్లూ తమ మోటార్లు కాలింది కరెంటు వల్ల కాదేమో అని కూడా అన్నారు. మరో వారానికి ఆ నాలుగూ పోయాయి. మార్చి నెలలో, సీజన్లో, కృపమణి ఖాళీ స్టూలు మీద కూర్చుని ఎదురు కొట్టులో పేరుకుంటున్న మోటార్లను లెక్కపెట్టింది. ఏడవలేదు. పుట్టిన పల్లెలో అమ్మ కట్టిన మూట కళ్ల ముందు కదిలింది, అంతే.

జ్ఞానేశ్వర్ ఇంటికి కబురు పంపింది. వచ్చే సంతకు పలక తీసుకుని రావాలి, బజార్లో అందరి ముందూ ఏడు కాయిళ్లూ విప్పి లెక్కపెడదాం. ఒక్క చుట్టు తేడా వచ్చినా కొట్టు మూసి తాళంచెవి మరిది చేతిలో పెడతాను.

కాలిన మోటారు వచ్చినప్పుడు పాత తీగ విప్పి చుట్లు లెక్కపెట్టడం వైండింగ్ వాళ్ల రోజువారీ పనే. కానీ చుట్టి ఇచ్చిన కాయిల్‌ను పదిమందిలో విప్పడం ఎవరూ చేయరు. తన పనిని తానే నేలపాలు చేసుకోవడం అది. అయినా ఆయన వచ్చాడు. తానే నెగ్గుతానన్న నమ్మకం ఆయనకు.

లెక్కపెట్టేది ఎవరన్నారు జనం. కృపమణి వేలు ఎదురు కొట్టు వైపు చూపించింది.

"మా మరిదిని రమ్మనండి. నా తప్పు వెతికేటోడు వానికంటే యాడ దొరుకుతాడు?" అంది.

తొమ్మిదేళ్ల తర్వాత యేసుప్రసాద్ అన్న కొట్టు గడప తొక్కాడు. వేళ్ల కణుపుల మీద లెక్కపెడుతూ విప్పాడు. ఒకటో కాయిల్ రెండు వందలు. రెండోది రెండు వందలు. మూడోదీ అంతే. మొహం మాడిపోతోంది వాడికి. నాలుగోది విప్పి తల ఎత్తాడు.

"నూట తొంభై తొమ్మిది" అన్నాడు.

జ్ఞానేశ్వర్ నవ్వాడు. జనం గుసగుసలాడారు. కృపమణి మరిది మొహంలోకి చూసింది. వాడు చూపు తిప్పేసుకున్నాడు. మొదటి కాయిల్ తీగ కొసను కొట్టు ముందరి కరెంటు స్తంభానికి కట్టింది. నాలుగో దాని కొస కూడా అక్కడే కట్టింది. రెండు తీగలూ పట్టుకుని జనం మధ్యలోంచి తర్వాతి స్తంభం వైపు నడిచింది. ఒక చుట్టుకు జానెడు తీగ పడుతుంది. ఒక్క చుట్టు తక్కువైతే నాలుగో తీగ జానెడు ముందే అయిపోవాలి. నరసన్న వెంట నడిచాడు. స్తంభం దగ్గర రెండు తీగలనూ లాగి పట్టి చూపించింది. రెండు కొసలూ గోరుకు గోరు కలిశాయి.

నరసన్న తానే మిగతా కాయిళ్లు కూడా విప్పి, ఆ తీగలు తెచ్చి పక్కన పట్టి చూశాడు. ఏడుకు ఏడూ ఒకటే పొడుగు. యేసుప్రసాద్ లెక్క తప్పినట్టున్నానని ఏదో నసిగి రోడ్డు దాటిపోయాడు. పొరపాటున తప్పాడో, కావాలనే తప్పాడో దేవుడికే తెలియాలి. నాకైతే అనుమానం లేదు.

జ్ఞానేశ్వర్ ఖాళీ పలక చంకన పెట్టుకున్నాడు. తప్పయిందనలేదు. ఏ నోటితో బజారు నడుమ అన్నాడో ఆ నోరు ఇప్పుడు తాళం వేసినట్టు మూసుకుని, గోడల మీదుగా చూస్తూ వెళ్లిపోయాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడొక ముసలాయన వెనకనుంచి. నవ్వారు. నవ్వితే ఏం లాభం? మోటార్లు ఒకటీ రెండూ తిరిగొచ్చాయి, అన్నీ రాలేదు. ఆ రోజు సంతకు రాని పల్లెలు ఎన్ని లేవు! వాళ్ల చెవిన పడింది సారు అన్న మాట, తీగలు కొలిచిన సంగతి కాదు.

కాయిళ్లు సమానమని తేలాక సుచరిత మేడమ్ తప్పు నీ లెక్కదేనని మొహాన చెప్పింది. అప్పుడు కూర్చుని మళ్లీ కట్టాడు. నడుమ పూసకు ఆరు సందులు, అంచు పూసకు మూడు. విడివిడిగా పెట్టి కట్టేసరికి రెండు ఊపులు వచ్చాయి. ఒకదాంట్లో ఏడూ ఒకే వైపు ఊగుతాయి. రెండో దాంట్లో నడిమిది ఒక వైపు, అంచు ఆరూ దానికి ఎదురు. పలక మొదటినుంచీ నిజమే చెప్పింది. తెర మీద కనిపించిన రెండో గుట్టే ఆయన పరిశోధనలో కొత్త సంగతి, దాని మీదే ఇప్పుడు పట్టా ఆధారపడి ఉంది. దాన్ని తప్పు అని బజారుకెక్కింది ఆయనే.

జూన్‌లో బయటి ఊరి పెద్దలు పరీక్షకు వస్తారు, పలక మీద చూపించాలి. పలక మీద కాయిళ్లేవీ? ఎదురు కొట్టులో ఏడు చుట్టించాడు. కరెంటు పెడితే రెండు గుట్టలు కావు, పొలం గట్ల మాదిరి ఐదారు వచ్చాయి. కర్నూలులో ఇంకెవరితోనో చుట్టించాడు. అదీ అంతే.

మే నెల మిట్టమధ్యాహ్నం, బజార్లో కుక్క కూడా లేని వేళ చూసుకుని కృపమణి గడప దగ్గరకొచ్చాడు. చల్లకొచ్చి ముంత దాచినట్టు ఎండల గురించి మాట్లాడాడు, వాళ్ల నాన్న ఆరోగ్యం గురించి మాట్లాడాడు. ఆమె వింటూ కూర్చుంది. చివరికి కాయిళ్ల సంగతి బయటపెట్టాడు.

సారూ పోయింది, అప్పా వచ్చింది ఆమె నోటికి.

"చుడతాలేప్పా. సంత రోజు రా. నా చేయి తప్పిందని ఈ బజార్లో నీ నోరే చెప్పె. ఇప్పుడు లెక్క గూడా నీ నోరే చెప్పల్ల. నేను తిప్పుతా, నువ్వు గట్టిగా లెక్కపెట్టు. ఏడూ."

ఏడు రెండు వందలంటే పద్నాలుగు వందలు అన్నాడు నీరసంగా. లెక్క బాగానే వచ్చునే అంది.

మింగలేక కక్కలేక రెండు రోజులు తిరిగాడు. సంత రోజు వచ్చాడు. కృపమణి స్టూలు వాకిట్లో, నడిరోడ్డు మొహాన వేసింది. ఈసారి ఆమె పెదవులు కదల్లేదు. ఆయన ఒకటి అన్నాడు, ఆమె ఒక చుట్టు తిప్పింది. రెండు అన్నాడు. వినపడలేదన్నారు వెనకున్న వాళ్లు. గట్టిగా అన్నాడు. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. జనం చేరారు. అప్పటిదాకా రాని పల్లెల వాళ్లు కూడా, సంగతేమిటని అడిగి తెలుసుకుని మరీ నిలబడ్డారు. సారు లెక్కపెడుతున్నాడు, కృపమ్మ చుడుతోంది. ఎదురు కొట్టులో యేసుప్రసాద్ సగం తలుపు వేసుకున్నాడు.

యాభై దాటింది. నూరు దాటింది. నూట పది. ఎండ. నూట పదిహేను.

"ఏం సారూ, కాలేజీకి సెలవులా?" అన్నాడు నరసన్న, మోటారు భుజాన పెట్టుకుని అప్పుడే వస్తూ.

జ్ఞానేశ్వర్ తల తిప్పాడు. ఆఁ, సెలవులే అన్నాడు మర్యాదకు. ఇటు తిరిగాడు. నోరు తెరిచాడు. ఏ అంకె దగ్గర ఆపాడో గుర్తు రాలేదు.

మిషను ఆగింది. కృపమణి ఆయన మొహంలోకి చూసింది.

"ఎంతప్పా?"

నూట పదిహేడు అన్నాడు. కాదు, పంతొమ్మిది అన్నాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అది నూట పద్దెనిమిది. పెదవులు కదపకపోయినా పాట ఆమె లోపల నడుస్తూనే ఉంది. నూరు చుట్ల పాట ఒకసారి అయిపోయి, మళ్లీ మొదటి చరణం కూడా అయి, పల్లవి అందుకున్న రెండో చుట్టు మీద ఆమె చేయి ఆగి ఉంది. చెప్పలేదు. తీగ కొస పట్టుకుని, నిదానంగా, చుట్టిందంతా విప్పడం మొదలుపెట్టింది. మొత్తం విప్పి, తీగ చుట్టే అచ్చును ఖాళీ చేసి, తీగను మళ్లీ బిగించి పిడి మీద చేయి వేసింది.

"ఒకటి నుంచి" అంది.